చుట్టిన తీగ వెంట: లియోన్ నుంచి సెస్సీ దాకా

లియోన్ నగరం దాటి సోన్ నది వెంబడి ఉత్తరంగా పోతే ఎడమచేతి పక్క మోందోర్ కొండలు మొదలవుతాయి. పసుపుపచ్చ సున్నపురాయి కొండలు. ఇళ్లూ ప్రహరీలూ చర్చీలూ అన్నీ ఆ రాయితోనే కట్టారు. ఆ కొండల్లో పోలేమ్యు అని ఒక చిన్న ఊరుంది. ఫ్రాన్సు చూడ్డానికి వచ్చిన తెలుగువాళ్లు ఆ వైపు పోరు. పోవాల్సిన పని కూడా లేదు. నాకు మాత్రం ఉంది.

నేను విజయవాడ దగ్గర ఐటీఐలో ఎలక్ట్రికల్ ట్రేడు చెప్పి రిటైరైనవాణ్ణి. కొత్త బ్యాచి వచ్చిన ప్రతిసారీ పిల్లల చేత ముందు కాయిల్ చుట్టించేవాణ్ణి, ఆ తర్వాతే మోటారు మీద చెయ్యి వెయ్యనిచ్చేవాణ్ణి. మీటర్ల మీద, ఫ్యూజుల మీద, ఇంట్లో ప్లగ్గుల మీద ఎవరి పేరు ఉంటుందో ఆ ఆంపియర్ పెరిగిన ఇల్లు పోలేమ్యులోనే ఉంది. మా అమ్మాయి, అల్లుడు లియోన్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. 2019 సెప్టెంబరులో వాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు, ఏం చూస్తావు నాన్నా అని అమ్మాయి అడిగితే ఆ ఊరి పేరే చెప్పాను.

"అందరూ ఐఫిల్ టవర్ అంటారు. నువ్వేమో ఎవరిదో పాత ఇల్లంటావు."

"ఆ టవర్ మీద చెక్కిన పేర్లలో ఈయన పేరు కూడా ఉందమ్మా."

దానికి అల్లుడు నవ్వి, "మామయ్యగారూ, అయితే జెనీవా కూడా వెళ్దాం. అక్కడి భౌతికశాస్త్ర ప్రయోగశాల సెర్న్‌లో జనానికి తలుపులు తెరిచే రోజులు ఈ నెల్లోనే ఉన్నాయి. ప్రపంచంలో అతి పెద్ద సోలనాయిడ్లలో ఒకటి అక్కడ ఉంది" అన్నాడు. సాఫ్ట్‌వేర్ పిల్లాడికి ఆ మాట ఎలా తెలుసో గానీ, నా ప్రయాణానికి రెండో కొస అలా కుదిరింది.

ఆంపియర్ ఇల్లు పెద్దదేం కాదు. పెరడు, రెండంతస్తులు, చెక్క మెట్లు. ఆయన 1775లో లియోన్‌లో పుట్టాడు. పట్టు వ్యాపారం చేసిన తండ్రి కొడుకుని బడికి పంపలేదు, ఇంట్లో ఉన్న పుస్తకాలే బడి. 1793లో విప్లవ ప్రభుత్వం ఆ తండ్రి తల తీయించింది. అప్పటికి కుర్రవాడికి 18 ఏళ్లు. మేడమీది గదుల్లో ఈ సంగతులన్నీ గోడలకు రాసిపెట్టారు. 1928లో బేన్ సోదరులనే టెలిఫోన్ వ్యాపారులు ఈ ఇల్లు కొని ఫ్రెంచి ఎలక్ట్రీషియన్ల సంఘానికి ఇచ్చేశారు. 1931 నుంచి ఇది మ్యూజియం.

నాకు కావలసింది కింది గదుల్లో ఉంది. పాత రోజుల ప్రయోగాలన్నిటికీ పనిచేసే నమూనాలు కట్టిపెట్టారు. మీట నొక్కితే కరెంటు పోతుంది, కళ్లెదుటే జరుగుతుంది. మొదటిది దిక్సూచి మీదుగా పోయే తీగ. డెన్మార్క్‌లో ఒర్‌స్టెడ్ 1820లో చూసింది ఇదే: తీగలో కరెంటు పోగానే దిక్సూచి ముల్లు పక్కకు తిరిగింది. ఆ వార్త సెప్టెంబరులో పారిస్ చేరింది. 11వ తేదీన అరగో అనే శాస్త్రవేత్త అక్కడి సైన్స్ అకాడమీలో ఆ ప్రయోగం చేసి చూపించాడు. 18వ తేదీకల్లా ఆంపియర్ తన మొదటి పత్రం చదివేశాడు. ముల్లును వదిలేసి తీగకూ తీగకూ మధ్య ఏం జరుగుతుందో చూడాలన్నది ఆయన పట్టు. పక్కపక్కన వేలాడే రెండు తీగల్లో ఒకే దిక్కుకు కరెంటు పంపితే దగ్గరికి జరుగుతాయి, ఎదురెదురుగా పంపితే దూరం జరుగుతాయి. అక్కడ ఇనుము లేదు, అయస్కాంతం లేదు. ఉన్నదల్లా రాగి, దానిలో పోయే కరెంటు.

తర్వాతి బల్ల మీద ఒక సన్నని తీగను స్ప్రింగులా చుట్టి, రెండు కొసలూ సూదిమొనల మీద ఆనేలా వేలాడదీశారు. గాలికి కూడా ఊగేటంత తేలిక. మ్యూజియం చూసుకునే పెద్దాయన మీట నొక్కాడు. ఆ కాయిల్ కాస్త తడబడి, నెమ్మదిగా తిరిగి, ఉత్తర దక్షిణాలకు నిలబడింది. ఆయన దండ అయస్కాంతం ఒకటి దగ్గరికి తెస్తే ఒక కొస తల తిప్పుకుంది, రెండో కొస దాని మీదికి వచ్చింది. మీట వదిలాక మళ్లీ ఉత్త రాగి తీగే. ఇలాంటి చుట్టకే ఆంపియర్ సోలనాయిడ్ అని పేరు పెట్టాడు.

"మీరు ఈ పనిలో ఉన్నవారా?" అని పెద్దాయన అడిగాడట. అమ్మాయి తర్జుమా చేసింది. పిల్లలకు కాయిళ్లు చుట్టడం నేర్పేవాణ్ణని చెప్పమన్నాను. ఆయన నా చేతులు పట్టుకుని వేళ్లు చూసి తలాడించాడు. ఎనామెల్ తీగ లాగీ లాగీ కుడిచేతి చూపుడువేలు పక్కన పడ్డ గాడి ఇప్పటికీ పోలేదు. ఆయన చేతికీ ఉంది.

ఆ బల్ల దగ్గర ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. మా ఐటీఐలో పిల్లలకు చెప్పే పాఠం అంతా దానిలోనే ఉంది. ఒక్క తీగలో కరెంటు పోతే దాని చుట్టూ అయస్కాంత బలం వలయంగా తిరుగుతుంది. ఆ తీగనే గుండ్రంగా వంచి పక్కపక్కన చుట్టుకుంటూ పోతే, ప్రతి చుట్టు నుంచి వచ్చే బలం లోపలి ఖాళీలో ఒకే దిక్కుకు కూడుతుంది, బయట మాత్రం చాలావరకు ఒకదానికొకటి కొట్టుకుపోతుంది. అందుకే చుట్ట లోపల ఈ కొస నుంచి ఆ కొసకు దాదాపు ఒకే తీరున, తిన్నగా ఉండే బలం దొరుకుతుంది. అది ఎంత అన్నది రెండు లెక్కల మీదే ఆధారపడుతుంది: మీటరు పొడవులో ఎన్ని చుట్లు, ఒక్కో చుట్టులో ఎంత కరెంటు. మీటరుకు వెయ్యి చుట్లు వేసి ఒక ఆంపియరు పంపితే, భూమికి సహజంగా ఉన్న అయస్కాంత బలానికి ఓ 30 రెట్లు వస్తుంది. చుట్ట పొడవుగా ఉంటే చాలు, దాని లావుతో పనిలేదు. పెన్సిలు మీద చుట్టినా పీపా మీద చుట్టినా ఆ లెక్క మారదు. ఈ ఒక్క ముక్క పిల్లలు ఓ పట్టాన నమ్మేవారు కాదు. చుట్ట పెద్దదైతే బలం తగ్గాలి కదా సార్ అని వాదించేవారు. తగ్గదు, కానీ తీగ ఎక్కువ పడుతుంది, దాంతో వేడి ఎక్కువ పుడుతుంది, ఖర్చు పెరుగుతుంది. కష్టమంతా అక్కడే ఉందని జెనీవా దగ్గర సెస్సీలో మళ్లీ చూశాను.

మన రోజువారీ బతుకులో సోలనాయిడ్ అంటే ఎక్కువగా ఇనుమును లాగే కాయిల్. చుట్ట మధ్య ఖాళీలోకి సగం దూరిన ఇనప కడ్డీ, వెనక స్ప్రింగు. కరెంటు రాగానే కడ్డీ లోపలికి దూకుతుంది, ఆగగానే స్ప్రింగు వెనక్కి లాగుతుంది. వాషింగ్ మెషీన్‌లో నీళ్లు వదిలేదీ, డ్రిప్పు తోటల్లో వంతులవారీగా గేటు తెరిచేదీ, హోటలు గది తాళం కార్డుతో తెరిచేదీ ఇదే. లియోన్ సిటీ బస్సు తలుపు ఫుస్సుమని తెరుచుకున్న ప్రతిసారీ, ఆ గాలికి దారి వదిలిన చిన్న కాయిల్ ఏ మూల ఉందోనని వెతికేవాణ్ణి. అమ్మాయికి విసుగు.

ఆటోనగర్ మెకానిక్కులకు సోలనాయిడ్ అంటే సెల్ఫ్ మోటారు మీద కూర్చున్న బుడ్డి. లారీ తాళం తిప్పగానే దానిలోని కడ్డీ వెనక్కి దూకి, ఒక మీట ద్వారా పళ్ల చక్రాన్ని ముందుకు నెట్టి ఫ్లైవీల్‌తో జతచేస్తుంది. ఆ కొసనే ఉన్న రాగి బిళ్ల రెండు బోల్టులను కలిపితే బ్యాటరీ కరెంటంతా మోటారులోకి పోతుంది. లోపల ఉండేవి రెండు వైండింగులు. దూరంగా ఉన్న కడ్డీని లాగడానికి బలమైనదొకటి కావాలి. దగ్గరికి వచ్చాక పట్టి ఉంచడానికి సన్నపాటిది చాలు. లాగడం కష్టం, పట్టి ఉంచడం తేలిక. బ్యాటరీ నీరసపడితే టకటకమని కొట్టుకునేది కూడా ఇందువల్లే: కడ్డీ దూకుతుంది, మోటారు కరెంటు లాగేసరికి వోల్టేజి పడిపోతుంది, పట్టు వదులుతుంది, వోల్టేజి లేవగానే మళ్లీ దూకుతుంది. ఏసీ కాయిల్ అయితే ఇంకో జబ్బు. కడ్డీ మధ్యలో ఇరుక్కుంటే కాయిల్ మామూలు కంటే చాలా ఎక్కువ కరెంటు తాగి కాలిపోతుంది. కాలిన వార్నిష్ వాసన వస్తే, ముందు కడ్డీని చూడు, తర్వాతే కాయిల్ చుట్టు అని పిల్లలకు చెప్పేవాణ్ణి. లేకపోతే కొత్తగా చుట్టింది కూడా మర్నాటికి కాలుతుంది.

లియోన్ నుంచి జెనీవాకు రైల్లో రెండు గంటలు. సగం దారి పొలాలు. తర్వాత రోన్ నది కొండల మధ్య ఇరుకు లోయలోకి దిగుతుంది, రైలు దాని పక్కనే పాకుతుంది. ఈ నది దారిన జరిగిన ఒక రవాణా కథ అల్లుడు చెప్పాడు. సెర్న్‌లో మేం చూడబోయే కాయిల్‌ను ఇటలీలోని జెనోవాలో ఐదు ముక్కలుగా చుట్టారట. ఒక్కో ముక్క రెండున్నర మీటర్ల పొడవు, ఏడు మీటర్లకు దగ్గరగా అడ్డం. అంత లావు సరుకును ఆల్ప్స్ సొరంగాల్లోంచి లారీ మీద తీసుకురాలేరు కాబట్టి, ఓడలో మధ్యధరా తీరానికి తెచ్చి, రోన్ మీదుగా లియోన్‌కు, అక్కడి నుంచి సోన్ మీదుగా మాకోన్ దాకా పడవలో లాక్కొచ్చి, ఆ తర్వాతే రోడ్డెక్కించారు. లియోన్ నుంచి మాకోన్‌కు పోయే సోన్ నది మోందోర్ కొండల పాదాలను ఒరుసుకుంటూ పోతుంది. అంటే ఆ ఐదు ముక్కలూ ఒక్కొక్కటిగా ఆంపియర్ ఇంటి కిందుగానే వెళ్లాయన్నమాట. ఎవరూ అనుకుని చేసింది కాదది.

జెనీవా స్టేషన్ ముందు 18వ నంబరు ట్రామెక్కితే ఆఖరి స్టాపు సెర్న్. తలుపులు తెరిచిన రోజులు కావడంతో ఇసకేస్తే రాలనంత జనం. భారత అణుశక్తి శాఖ 2004లో ఇచ్చిన నటరాజ విగ్రహం దగ్గర మనవాళ్లు గుంపులుగా ఫొటోలు దిగుతున్నారు. మేమూ దిగాం. అంతకు మించి అక్కడ ఆగలేదు. మాకు కావలసింది ఫ్రాన్సు వైపున, జూరా కొండల కింద, సెస్సీ ఊరి దగ్గర ఉంది. భూమికి వంద మీటర్ల లోతున 27 కిలోమీటర్ల వలయంలో ప్రోటాన్లు ఎదురెదురుగా పరుగెత్తే యంత్రానికి ఒక చివర మేం ట్రామ్ దిగిన మేరిన్, దాదాపు అవతలి చివర సెస్సీ. సెర్న్ వాళ్లే బస్సులు వేశారు. మొక్కజొన్న చేలు, మెడలో గంటలు కట్టిన ఆవులు, మధ్యలో రేకుల షెడ్డు లాంటి పెద్ద భవనం. పైనుంచి చూస్తే ఏ కోల్డ్ స్టోరేజీయో అనుకుంటాం.

ఆ షెడ్డు పునాదుల కోసం 1998లో తవ్వితే నాలుగో శతాబ్దపు రోమన్ ఇల్లు ఒకటి బయటపడింది. దొరికిన నాణేల్లో లండన్‌లో కొట్టినవి, రోమ్ రేవు ఓస్తియాలో కొట్టినవి, లియోన్‌లో కొట్టినవి ఉన్నాయి. పురావస్తు శాఖవాళ్లు పని ముగించే దాకా భౌతిక శాస్త్రం ఆగింది. ఆ తర్వాత ఇంకో చిక్కు. పై పొరంతా నీళ్లు ఊరే గులకమట్టి. బావి తవ్వుతుంటే గోడలు కూలకుండా చుట్టూ గొట్టాలు దింపి, వాటిలో చల్లటి ఉప్పునీరు, అదీ చాలని చోట ద్రవ నైట్రోజన్ పంపి, ఆ నేలనే మంచు గోడగా గడ్డకట్టించి మధ్యలో తవ్వుకున్నారు. గోదావరి జిల్లాల్లో ఊట బావి తవ్వించినవాళ్లకు ఆ కష్టం చెప్పనక్కర్లేదు.

మామూలు రోజుల్లో కిందికి ఎవరినీ పోనివ్వరు. 2018 డిసెంబరులో యంత్రాన్ని మరమ్మతుకు ఆపారు కాబట్టి మాకా అవకాశం దక్కింది. చాలాసేపు లైన్లో నిలబడ్డాక హెల్మెట్లు ఇచ్చి లిఫ్టు ఎక్కించారు. మాకు దారి చూపించిన అమ్మాయి పరిశోధన విద్యార్థిని, ఇంగ్లీషులో గబగబా మాట్లాడుతుంది. లిఫ్టు తలుపు తెరుచుకున్నాక ఓ సందు దాటి ఇనప వంతెన మీదికి వచ్చాం. అప్పుడు కనిపించింది.

ఐదంతస్తుల మేడంత గుండ్రటి ఇనుము. ఎర్ర రంగు ఇనప దిమ్మెలు, వాటి మధ్య సందుల్లో వెండి రంగు పెట్టెలు, వేలాడే కేబుళ్లు. పేరు కాంపాక్ట్ మ్యూవాన్ సోలనాయిడ్, అందరూ సీఎంఎస్ అంటారు. 21 మీటర్ల పొడవు, 15 మీటర్ల ఎత్తు, 14 వేల టన్నులు. వలయానికి అవతలి పక్కనున్న అట్లాస్ అనే యంత్రం పొడవులో దీనికి రెట్టింపు పైనే, బరువులో సగమే. కాంపాక్ట్ అన్నది అందుకు. మరమ్మతు కోసం రెండు చివర్లలోని ముక్కలను వెనక్కి జరిపి ఉంచారు కాబట్టి నడి భాగం లోపల ఉక్కు పీపా అంచు కనబడుతోంది. "ఆ పీపా గోడలోనే కాయిల్ ఉంది" అంది ఆ అమ్మాయి.

దీన్నంతా పైనే బిగించి, 15 ముక్కలుగా బావిలోకి దించారు. కాయిల్ ఉన్న నడి ముక్క 1,920 టన్నులు. 2007 ఫిబ్రవరి 28న దించారు. నాలుగు కేబుళ్లు, ఒక్కో కేబుల్లో 55 పేటలు, పైన హైడ్రాలిక్ జాకీలు. ముక్కకూ బావి గోడకూ మధ్య సందు 20 సెంటీమీటర్లు. దాదాపు పది గంటలు పట్టింది. ఆ రోజు ఆ షెడ్డులో ఓ మూల నిలబడి చూసి ఉంటే బాగుండేదనిపించింది. క్రేను పనులంటే నాకు మొదటి నుంచీ అంత ఇష్టం.

వంతెన చివర బల్ల మీద ఆ కాయిల్‌కు వాడిన తీగ ముక్క పెట్టారు, పట్టుకుని చూడొచ్చు. తీగ అనడానికి నోరు రాదు. 64 మిల్లీమీటర్ల వెడల్పు, 22 మిల్లీమీటర్ల మందం ఉన్న పట్టీ. కోసిన ముఖం చూస్తే పొరలు తెలుస్తాయి. నట్టనడుమ వెంట్రుకల కట్టను అణిచినట్టు నల్లగా కనిపించేది అసలు వాహకం: నయోబియం, టైటానియం కలిసిన పోగులున్న 32 పేటల అల్లిక. దాని చుట్టూ మెత్తటి శుద్ధమైన అల్యూమినియం. ఇటూ అటూ గట్టి అల్యూమినియం మిశ్రమ లోహం. గోరుతో గీకి చూస్తే మధ్యలో గీత పడింది, అంచున పడలేదు.

"ఎన్ని చుట్లు?" అన్నాను.

"నాలుగు వరసల్లో 2,168."

పన్నెండున్నర మీటర్ల పొడవులో 2,168. మీటరుకు 173. మనసులో లెక్క కట్టేసరికి ఆశ్చర్యమేసింది. మా ఐటీఐ పిల్లలు చుట్టే కాయిల్ దీనికన్నా చాలా దట్టంగా ఉంటుంది. చుట్లలో గొప్ప లేదు, గొప్పంతా కరెంటులో ఉంది: 18,160 ఆంపియర్లు. పోలేమ్యు బల్ల మీది సూత్రమే వేస్తే అయస్కాంత బలం నాలుగు టెస్లాలకు దగ్గరగా వస్తుంది. అసలు కాయిల్‌కు అంతులేని పొడవు ఉండదు కాబట్టి కాస్త తగ్గి 3.8. భూమి అయస్కాంత బలానికి లక్ష రెట్ల మాట. ఆ బలం ఆరు మీటర్ల అడ్డం ఉన్న ఖాళీ అంతటా ఉంటుంది. రెండువందల ఏళ్ల కిందటి సూత్రంలో ఒక్క అక్షరం కూడా మారలేదు.

అయితే రాగితో ఈ పని కాదు. 18 వేల ఆంపియర్లకు అంత పొడవు రాగి తీగలో పుట్టే వేడిని తీసేయడానికే ఒక నది కావాలి. నయోబియం టైటానియం మిశ్రమాన్ని సున్నాకు కింద 268 డిగ్రీల దాకా చల్లబరిస్తే దానిలో కరెంటుకు అడ్డే ఉండదు, వేడీ పుట్టదు. ద్రవ హీలియం పోయే గొట్టాలను కాయిల్ బయటి తొడుగుకు అతికించారు. పంపు కూడా లేదు. వెచ్చబడి తేలికైన హీలియం పైకి పోతుంది, చల్లటిది కిందికి దిగుతుంది, దాని తిరుగుడు దానిదే. కాయిల్ బరువు 220 టన్నులు. దానికీ బయటి గోడలకూ మధ్య శూన్యం.

నేను అడిగిన రెండో ప్రశ్న, ఎలా చుట్టారు అని. మామూలుగా మనం బాబిన్ మీద చుడతాం, తీగ బయటికి పేరుకుంటూ వస్తుంది. ఇక్కడ గట్టి అల్యూమినియం పీపా లోపలి గోడకు అంటించి చుట్టారట, లోపలి నుంచి. ఆమె ఆ మాట అనగానే కారణం తట్టింది. కరెంటు పోయే ప్రతి చుట్టునూ అయస్కాంత బలం బయటికి తోస్తుంది, చుట్ట పగలాలని చూస్తుంది. 3.8 టెస్లాల దగ్గర ఆ తోపు గాలి ఒత్తిడికి 50 రెట్లు దాటుతుంది. బయట పీపా ఉంటే అది ఆపుతుంది. బాబిన్ మీద చుడితే తీగ బాబిన్‌ను వదిలేసి బయటికి ఉబ్బుతుంది. తీగకు రెండు పక్కలా ఆ గట్టి మిశ్రమం కూడా అందుకే. ఇదంతా అల్లుడికి తెలుగులో చెబుతుంటే, ఆ అమ్మాయి భాష తెలియకపోయినా నా చేతుల కదలిక చూసి, "సరిగ్గా అంతే" అంది.

ఇంత బలం పుట్టించి ఏం చేస్తారు? ఇక్కడ లాగే కడ్డీ లేదు. ఏదీ కదలదు. ప్రోటాన్లు ఢీకొన్నచోట పుట్టిన కణాలు ఆ ఖాళీలోంచి దూసుకుపోతుంటే, విద్యుదావేశం ఉన్నవి వంగుతాయి. ఊపు ఎక్కువున్నది కొద్దిగా, తక్కువున్నది బాగా. ధనావేశం ఒక పక్కకు, ఋణావేశం రెండో పక్కకు. వంపును కొలిస్తే కణం ఊపు తెలుస్తుంది. వంపు కొలవడానికి మధ్యలో సిలికాన్ పలకలు, శక్తి కొలవడానికి వాటి చుట్టూ సీసం టంగ్‌స్టేట్ స్ఫటిక కడ్డీలు 75 వేలకు పైగా, వాటి వెనక ఇత్తడి దిమ్మెలు. ఇనుమును ఈ అయస్కాంతం లాక్కుంటుంది కాబట్టి ఇత్తడి వాడారు. దానిలో కొంత రష్యా నౌకాదళం దగ్గర మూలనపడి ఉన్న పాత ఫిరంగి గుండ్ల తొడుగులను కరిగించి తెచ్చిందట. ఇవన్నీ కాయిల్ లోపలే పట్టాలన్నదే సీఎంఎస్ కట్టినవాళ్ల పట్టుదల. కాయిల్‌కు ఆరు మీటర్ల అడ్డం అందుకే వచ్చింది.

కాయిల్ దాటాక బయట ఒక వరస పలకలు ఉన్నాయి, లోపల ఆగకుండా తప్పించుకున్న శక్తిని పట్టడానికి. అవి ముంబయి టాటా ఇన్‌స్టిట్యూట్, చండీగఢ్ పంజాబ్ విశ్వవిద్యాలయం వాళ్ల చేతి పని. మన హైదరాబాద్ వాటా ఇంకోచోట ఉంది. సొరంగంలో ప్రోటాన్లను వంచే పొడవాటి అయస్కాంతాల్లో తీగ ఎక్కడైనా వెచ్చబడి, కరెంటుకు అడ్డులేని దాని అతివాహక గుణం పోతే, ఆ ఒక్క చోటే వేడంతా పడి కాలకుండా, మొత్తం తీగను ఒక్కసారిగా వెచ్చబెట్టాలి. ఆ హీటర్లకు శక్తినిచ్చే పెట్టెలను పెద్ద సంఖ్యలో తయారుచేసింది ఈసీఐఎల్. ఒకప్పుడు ఆ సంస్థ టీవీలు కూడా చేసేది.

ఎర్ర ఇనుము సంగతి ఆ అమ్మాయి చివర్న చెప్పింది. అయస్కాంత బలరేఖ ఒక కొసన బయటికి వస్తే, తిరిగి రెండో కొసకు చేరాల్సిందే. దారి చూపకపోతే సొరంగమంతా పరుచుకుంటుంది. కాయిల్ చుట్టూ పేర్చిన ఆ వేల టన్నుల ఇనుము దానికి తిరుగు దారి. లోపల ఒక దిక్కుకు పోయిన బలం ఇనుములో ఎదురు దిక్కుకు వస్తుంది. మ్యూవాన్ అనే కణం ఎలక్ట్రాన్‌కు 200 రెట్లు బరువు, ఇంత ఇనుమును కూడా దాటుకుని పోగలదు. లోపల కుడికి వంగినది ఇనుములోకి రాగానే ఎడమకు వంగుతుంది. తెర మీద చూపించింది: పాకుతున్న పాములా ఒక ఎర్ర గీత. 2012 జులై 4న హిగ్స్ కణం దొరికిందని ప్రకటించినప్పుడు లెక్కకు వచ్చిన ఆధారాల్లో ఇలాంటి నాలుగేసి మ్యూవాన్ గీతలు కొన్ని.

ఆ కాయిల్‌లో దాచిన శక్తి 230 కోట్ల జౌల్స్ అని గోడ మీద పెద్ద అక్షరాలతో రాశారు. జనం నోళ్లు తెరిచారు. నేను మన కరెంటు బిల్లు యూనిట్లలోకి మార్చాను: 640 యూనిట్లు. ఏసీ ఉన్న ఇల్లు వేసవిలో రెండు నెలల్లో ఖర్చు పెడుతుంది. భయమంతా అది ఎంత సేపట్లో బయటికి వస్తుందన్న దాంట్లో ఉంది. ఎక్కించడానికి గంటలు పడుతుంది. ప్రమాదం వస్తే నిమిషాల్లో ఖాళీ చెయ్యాలి. అప్పుడు కరెంటును బయటి నిరోధకాల్లోకి మళ్లిస్తారు. మామూలు రిలే కాయిల్ ఆపినప్పుడు కాంటాక్టు దగ్గర చిటుక్కుమనే నిప్పురవ్వ ఉంది చూడండి, అదే జబ్బు ఇక్కడా. దానికి మేం అడ్డంగా ఒక డయోడ్ పెట్టి ఊరుకుంటాం.

తిరిగి లిఫ్టు దగ్గరికి వస్తూ నాలుగు టెస్లాల సంగతి అడిగాను. 2006లో పైన పరీక్షించినప్పుడు నాలుగు అందుకుందని గోడ మీదే ఉంది, మరి ఇప్పుడు 3.8 దగ్గర ఎందుకు నడుపుతున్నారు? ఆమె కొంచెం ఆగి చెప్పింది. ఇలాంటి కాయిల్ ఇంతకు ముందు ఎవరూ కట్టలేదు, అది ఎలా ముసలిదవుతుందో చూసినవాళ్లు లేరు. ఎక్కించి దించిన ప్రతిసారీ ఆ శుద్ధమైన అల్యూమినియం కొద్దికొద్దిగా అలుస్తుంది. లోపలి పలకలూ స్ఫటిక కడ్డీల్లో కొన్నీ రాబోయే పెద్ద మరమ్మతులో మార్చుకోవచ్చు. కాయిల్‌ను మార్చే ఆలోచనే లేదు, ఈ యంత్రం నడిచినన్నాళ్లూ ఇదే ఉండాలి. అందుకని కొంత తగ్గించి నడుపుతున్నారు.

ఆటోనగర్‌లో మోటారు రీవైండ్ చేసే ఏ మేస్త్రీని అడిగినా ఇదే చెబుతాడు. ఐదు హార్స్‌పవర్‌కు చుట్టి నాలుగుతో నడిపించుకోమంటాడు. ఆ మాట ఆ అమ్మాయికి ఇంగ్లీషులో చెప్పమని అల్లుణ్ణి అడిగాను. అతను చెప్పాడు. ఆమె నవ్వి, మేస్త్రీ గారికి సెర్న్‌లో ఉద్యోగం ఇప్పించొచ్చంది. లిఫ్టు వచ్చింది, వెనక లైన్లో వాళ్లు తోస్తున్నారు. హెల్మెట్లు తిరిగిచ్చేసి బస్సు ఎక్కాం.